మాస్టర్ అంటే ఎవరని అడిగారు

మా బావ పోయాడు. సూరత్ పక్కన సచిన్‌లో ఉన్న కార్ఖానాకు పోయే బస్సు కోసం పొద్దున్నే వెళ్లి నిలబడ్డ మనిషి, నిలబడ్డ చోటే కుప్పకూలాడు. పక్కనున్నవాళ్లు ఆటోలో వేసుకుని సివిల్ ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే అయిపోయిందని డాక్టర్లు చెప్పారట. నేను అప్పుడే దుకాణం షట్టర్ ఎత్తి జెరాక్స్ మిషన్ స్విచ్ వేశాను. మా అక్క ఇంటి పక్కావిడ ఫోన్ చేసింది. "మాస్టర్ పోయిండంట పిల్లా, జల్ది రా, మీ అక్కను పట్టుకునేటోళ్లు లేరు" అని ఏడ్చింది. ఇన్నేళ్లుగా గోడకు గోడ ఆనుకుని ఉన్నా ఆమెకు మా బావ పేరు తెలియదు. మా గల్లీలో ఎవరికీ తెలియదు.

ఇలాంటి నివాళి పేజీల్లో మామూలుగా పెద్దవాళ్ల గురించి రాస్తారు. బిరుదులు, సన్మానాలు ఉన్నవాళ్ల గురించి. మా బావకు అవేవీ లేవు. పైగా ఆయనకు అసాధారణ ప్రతిభ ఉన్నట్టు రుజువు కాలేదని అమెరికా నుంచి కాగితం కూడా వచ్చింది. ఆ కాగితం ఆయనకు చదివి వినిపించింది నేనే. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు. అందుకే ఈ రాతలో నెమ్మది తక్కువగా ఉంటే ఓర్చుకోండి. మా ఇంట్లో నాకు నోరు జాస్తి అని ఎలాగూ పేరుంది.

మా బావ ఢోల్ వాయించేవాడు. బతుకుతెరువుకు మాత్రం సచిన్‌లో సాంచెలు నడిపేవాడు. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచె అంటారు. సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్‌కు వచ్చేటప్పుడు మూటాముల్లెతో పాటు ఆ మాటను కూడా తెచ్చుకున్నారు. నవరాత్రి వచ్చిందంటే సాంచెలకు దండం పెట్టి, గర్బా ఆటకు పాడి వాయించే పార్టీతో వెళ్లిపోయేవాడు. నేతపని చేసే ఇంట్లో పుట్టిన తెలుగు మనిషి గుజరాతీల పండుగలో మైదానం నడుమ నిలబడి ఢోల్ కొడితే, వాళ్ల ఆడవాళ్లు ఆయన చేతి విసురు చూసి అడుగు మార్చేవాళ్లు. నేను పావడా కట్టుకునే వయసు నుంచీ చూశాను కాబట్టి చెబుతున్నాను. తాళం పెరుగుతుంటే ఎవరూ పెంచుతున్నట్టే ఉండేది కాదు. తీరా చూస్తే మైదానమంతా పరుగు పెడుతూ ఉండేది.

ఇంట్లో మంచం మీద ఢోల్ పడుకునేది, ఆయన కింద చాప మీద పడుకునేవాడు. "నీకు నేనొక్కదాన్నేనా పెండ్లాన్ని, గదొకటి కూడనా?" అని మా అక్క గొణిగేది. "నిన్ను ముట్టుకుంటే అరుస్తవు, దాన్ని ముట్టుకుంటే పాడ్తది" అనేవాడు. వానాకాలంలో తోలు మెత్తబడితే, అక్క రొట్టెలు చేస్తున్న పొయ్యి దగ్గరికి తెచ్చి సెగకు తిప్పుతూ కూర్చునేవాడు. పెనం మీద రొట్టె మాడిందని ఆమె అరిస్తే, "రొట్టె మాడితే ఇంకోటి చేసుకుందువు, జర జరుగు" అని పొయ్యి ముందు చోటు తీసుకునేవాడు. ఆ ఇంట్లో వానాకాలమంతా మేము నల్ల రొట్టెలే తిన్నాం.

ఆయనకు ఢోల్ నేర్పింది కాఠియావాడ్ నుంచి వచ్చి సూరత్‌లోని వరాఛాలో స్థిరపడ్డ ఒక ముసలి ఉస్తాద్. ఆ ఉస్తాద్ దగ్గర మా బావ తాళంతో పాటు ఇంకో అలవాటు నేర్చుకున్నాడు. గురువు పేరు ఊరికే పలకకూడదు. పలకాల్సి వస్తే చెవి తమ్మె పట్టుకుని పలకాలి. మా బావ తన ఉస్తాద్ పేరు చెప్పేటప్పుడు చేతిలో అన్నం ముద్ద ఉన్నా సరే, ఎడమ చేయి చెవి మీదికి పోయేది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు కూడా అట్లాగే తయారయ్యారు. వాళ్లకు ఆయన మాస్టర్. పార్టీకి మాస్టర్. పోస్టర్ మీద మాస్టర్. కార్ఖానాలో సేఠ్ కూడా మాస్టర్ అనే పిలిచేవాడు. మా ఇంట్లో మేము బావ అంటాం, అక్క "ఇగో" అంటుంది. ఇక పేరు ఎక్కడ పలకాలి?

ఎవరైనా, "మాస్టర్, సాంచెల చప్పుడు వినీ వినీ మీకు తాళం వచ్చిందా?" అని ముచ్చటగా అడిగితే మాత్రం ఆయనకు ఒళ్లు మండేది. "సాంచె నాకు చెవుడు నేర్పింది. తాళం మా ఉస్తాద్ నేర్పిండు. ఎవల పేరు వాళ్లకు ఉండనియ్యిండ్లి" అనేవాడు.

ఆ చెవుడు నిజమే. అమెరికా కాగితాల గొడవకు ముందేడు కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది కూడా పోతుందని, ఎప్పుడని చెప్పలేమని డాక్టర్ అన్నాడు. సాంచెల నడుమ బతికినవాళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. మావాళ్లు ఫోన్‌లో ఎందుకు అరుస్తారో బయటివాళ్లకు తెలియదు, అంతే. కానీ ఢోల్ వాయించే మనిషికి ఇది వేరే సంగతి. ఒక రిహార్సల్లో పాడే ఆవిడ చరణం అందుకున్నది వినబడక మా బావ పాత తాళంలోనే ఉండిపోయాడు. ఆవిడను పార్టీలో అందరూ బెన్, అంటే అక్క, అంటారు. మంచి మనిషే. రిహార్సల్ ఆపి, దగ్గరికి వచ్చి, ఆయన ఎడమ చెవిలో చెప్పి తనే ఏడ్చిందట. ఆ ఏడు నుంచి పార్టీలో ఢోల్ బదులు తాళం కొట్టే మిషన్ పెట్టుకున్నారు. బావ ఇంటికొచ్చి ఢోల్‌ను మంచం మీద పడుకోబెట్టి, దాని పక్కన కూర్చున్నాడు. మా అక్క ఏమైందని అడగలేదు. అడిగితే గట్టిగా అడగాలి కదా.

అప్పుడు వచ్చింది ఫోన్. న్యూజెర్సీలో గర్బా నేర్పుతున్న ఒక గుజరాతీ అమ్మాయి, ఇక్కడ సూరత్‌లో మా బావ తాళానికే ఆడుతూ పెరిగిన పిల్ల, వీడియో కాల్ చేసింది. వీడియో అయితే ఆయన పెదాలు చూసి పోల్చుకుంటాడు. వచ్చే దసరాకు అక్కడికి రమ్మంది. తన దగ్గర నేర్చుకునే పిల్లలంతా మిషన్ చప్పుడుకే పెరిగారని, మనిషి కొట్టే ఢోల్ ఎలా ఉంటుందో వాళ్లు ఒక్కసారైనా చూడాలని హిందీలో చెప్పింది. నాకు ఇక సరిగా వినబడదు బేటా అని బావ నిజం చెప్పేశాడు. నేను పక్కన కూర్చుని ఈయనకు ఏం తొందర చెప్పేయడానికి అని పళ్లు కొరుక్కున్నాను. ఆ పిల్ల నవ్వింది. "వినడం ఎందుకు మాస్టర్? మీరెప్పుడూ మా కాళ్లు చూసే కదా వాయించేవాళ్లు?" అంది.

అది ఆయన మాటే. ఢోల్ నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదట చెప్పేది అదే: "నీ చేతులు నువ్వు చూసుకోకు. ఆడేటోళ్ల మడిమెలు చూడు. మడిమె లేస్తుంటేనే నీ దెబ్బ పడాలె." తన మాట అంత దూరం నుంచి తనకే తిరిగొచ్చేసరికి బావ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత మా అక్కతో అన్నాడు: "ఏమే, ఒక్క దసరా. చెవి ఉండంగ ఒక్కసారి కడుపు నిండ వాయిస్త. గటెన్క నువ్వు చెప్పినట్టు మంచం నీకు, అటక దానికి." ఆ ఒక్క దసరా కంటే మా అక్క జీవితంలో ఎక్కువగా కోరుకున్నది ఇంకోటి ఉందని నేననుకోను.

వీసా కాగితాల పని వరాఛాలో ఒక ఆఫీసు చూసుకుంది. కింద వజ్రాలు సానబట్టే కార్ఖానా, పైన ఈ ఆఫీసు. అక్కడి మేడమ్ చురుకైన పిల్ల. ప్రదర్శనలు ఇచ్చే కళాకారులకు ఒక దారి ఉందని, పిలిచేవాళ్లు అక్కడ పిటిషన్ వెయ్యాలని, ఈ కళాకారుడిది అసాధారణ ప్రతిభ అని అందులో రుజువు చెయ్యాలని వివరించింది. బాగా వాయిస్తాడంటే చాలదు. బాగా వాయించేవాళ్లందరిలో ఈయన వేరు అని తేలాలి. పేపర్లో వచ్చిన వార్తలు, పోస్టర్లు, షీల్డులు, పేరున్నవాళ్ల ఉత్తరాలు కావాలి. నేను ఇదంతా బావ ఎడమ చెవిలో చెప్పాను.

"అంటే నేను అందరికంటే గొప్పోన్నని నేనే చెప్పుకోవాల్నా?" అన్నాడు.

"మీరు కాదు అంకుల్, మీ కాగితాలు చెబుతాయి" అంది మేడమ్.

"గట్లయితే మంచిదే. కాగితాలకు సిగ్గుండదు" అన్నాడు బావ. ఆ రోజు ముగ్గురం నవ్వుకుంటూనే మెట్లు దిగాం.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె బోర్లించాం. పోస్టర్లు ఉన్నాయి, షీల్డులు ఉన్నాయి, గుజరాతీ పేపర్ల ముక్కలు ఉన్నాయి. మా అక్క ఒక్కోదాన్ని కొంగుతో తుడిచి నాకు అందిస్తోంది. నేను చూసి పక్కన పెడుతున్నాను. పోస్టర్ మీద బెన్ పేరు బారెడంత, కింద చిన్న అక్షరాల్లో "ఢోల్: మాస్టర్". షీల్డు మీద "మన మాస్టర్‌కు ప్రేమతో". పేపర్లో ఫోటో కింద "మాస్టర్ తాళానికి ఊగిన మైదానం". పాత వీడియోల్లో మైకు పట్టుకున్నవాడు గొంతు చించుకుని "ఢోల్ పర్ అప్నే మాస్టర్!", అంటే ఢోల్ మీద మన మాస్టర్, అంటాడు, జనం ఈలలు వేస్తారు. అన్నీ ఉన్నాయి, పేరు లేదు. మొత్తం పెట్టెలో మా బావ పేరు ఉన్న కాగితం ఒక్కటంటే ఒక్కటి లేదు.

అవన్నీ ఆఫీసుకు మోసుకెళ్తే, "ఆంటీ, ఈ మాస్టర్ ఈయనే అని ఎక్కడుంది?" అని మేడమ్ నన్ను అడిగింది.

"ఎక్కడుండడమేంది? నీ ఎదురుంగ కూసున్నడు కదా!" అన్నాను, నాకు తిక్క రేగి.

"నా ఎదురుగా కూర్చున్నారు ఆంటీ. అక్కడి ఆఫీసర్ ఎదురుగా కూర్చోలేదు కదా" అంది. పాపం, ఆ పిల్ల తప్పేముంది.

మా అక్క గురించి ఇక్కడ చెప్పాలి. కూరగాయల బజారు దాటి ఒంటరిగా వెళ్లే అలవాటు లేని మనిషి, పాత పోస్టర్లు సంచిలో పెట్టుకుని, వాటి అడుగున ఉన్న ప్రెస్సు చిరునామాలు చూపించుకుంటూ ఊరంతా తిరిగింది. ఎక్కడైనా పాత నమూనా ఉంటుందేమో, అందులో పేరు ఉంటుందేమో అని. ఎవరి దగ్గరా లేదు. ఒక ప్రెస్సు ఆయన మాత్రం జాలిపడి, అదే డిజైన్ మళ్లీ కొట్టి పేరు కలిపి ఇస్తానన్నాడు. పాతదానిలా కనబడేట్టు తను చూసుకుంటానన్నాడు. ఆ సాయంత్రం అక్క మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చింది.

"ఇగో, ప్రెస్సాయన ఒప్పుకున్నడు. పాత పోస్టర్ల మీద నీ పేరు ఎక్కిస్తడట."

"ఏ పాత పోస్టర్ల మీద?"

"గవే. నువ్వు వాయించిన ప్రోగ్రాములవే. అబద్ధమేముంది గిండ్ల? నువ్వు వాయించలేదా?"

"వాయించిన. పేరు లేకుంట వాయించిన."

"గందుకే ఎక్కిస్తమంటున్న!"

బావ పోస్టర్లను మళ్లీ సంచిలోకి తోశాడు. "ఇన్నేండ్లల్ల ఒక్కపారి పడలేదు నా పేరు. మొదటిపారి పడేది దొంగ పోస్టర్ మీదనా? వద్దే. ఆగమాగం చెయ్యకు" అన్నాడు.

మా అక్క అక్కడే కూలబడి నెత్తి కొట్టుకుంది. నేను ఊరుకోలేదు. "బావా, లోకమంతా చేస్తున్నరు గీ పని. నువ్వొక్కనివే సత్యవంతునివా? చెవి పోతే మళ్లొస్తదా?" అని ఎడమ వైపుకు తిరిగి మరీ అరిచాను. ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని, "ఏంది? ఇనవడ్తలేదు" అన్నాడు. ఇష్టం లేని మాట ఎప్పుడూ వినబడేది కాదు ఆయనకు. ఆ వద్దనడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆయన లేడు కాబట్టి ఇప్పుడు పొగిడేసి, ఎంత నిజాయితీ అని రాయలేను. నాకు కోపమే.

ఉన్నవాటితోనే పిటిషన్ వేశారు. కొన్నాళ్లకు అక్కడి ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. మేడమ్ చదివి చెప్పింది: ఈ కాగితాల్లో మాస్టర్ అని ఉన్నది ఎవరు? ఆయనా, మీరు పిలుస్తున్న మనిషీ ఒక్కరేనని చూపండి. ఆయన్ని, ఆయన విద్యను ఎరిగినవాళ్లు అసలు పేరుతో ఉత్తరాలు రాసి, నోటరీ చేయించి పంపితే ఇంకా ఆశ ఉంటుందని ఆమె అంది. గడువు కొద్దిగానే ఉంది.

శిష్యులందరికీ కబురు పెట్టాను. ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు ఒకడు, బట్టల మార్కెట్లో పార్సిళ్లు మోసేవాళ్లు కొందరు, ఉన్నపళాన పని వదిలేసి నా దుకాణానికి వచ్చారు. అందరూ గడ్డాలు నెరిసిన మగవాళ్లు. కౌంటర్ మీద వంగి, బుద్ధిగా, ఒకరు తెలుగులో, ఒకరు హిందీలో, ఒకరు గుజరాతీలో రాశారు. చదివితే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత బాగా రాశారో! మా మాస్టర్ చెయ్యి పడితే చచ్చిన తోలు లేచి కూర్చుంటుందని ఒకడు రాశాడు. అంతా చదివాక చూస్తే, ఒక్కరూ పేరు రాయలేదు.

"మాస్టర్, మాస్టర్ అని మళ్లా గదే రాస్తిరి! పేరు రాయిండ్లి పేరు!" అన్నాను.

అందరూ పెన్నులు కౌంటర్ మీద పెట్టేశారు. పార్సిళ్లు మోసే పెద్ద శిష్యుడు తెలుగువాడే, నెమ్మదిగా అన్నాడు: "అక్కా, గురువు పేరు నోటితోని తీస్తే చెవి పట్టుకుంటం. కాగితం మీద రాస్తే చెవి ఎట్ల పట్టుకోవాలె?"

"నువ్వు పట్టుకోకుంటే నేను పిండుత. రాయి!"

వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను, ఎందుకో అందరికీ ఏడుపొచ్చింది. తర్వాత ఒక్కొక్కరూ ఎడమ చేత్తో చెవి తమ్మె పట్టుకుని, కుడి చేత్తో ఆ పేరు రాశారు. కాగితం జారిపోతుంటే నేను రెండు చేతులా అదిమి పట్టుకున్నాను.

అంత కష్టపడి రాసి కూడా, దేవుడా, మర్యాద మానలేదు. ఒకడు పేరుకు భాయ్ తగిలించాడు. ఒకడు జీ అన్నాడు. గురువును ఇంటిపేరుతో పిలవడం తప్పని ఒకడు ఇంటిపేరే వదిలేశాడు. పెద్ద శిష్యుడు ముందర శ్రీశ్రీశ్రీ అని పెట్టి, పేరు చివర గారు చేర్చి రాశాడు. నోటరీ ముద్రలు పడ్డాక మేడమ్ అన్నీ వరసగా పేర్చి చూసి తల పట్టుకుంది. ఏ రెండు కాగితాల్లోనూ ఒకే పేరు లేదు. మళ్లీ రాయించడానికి వ్యవధి లేదు. మా దగ్గర భాయ్ అన్నా, గారు అన్నా పేరులో భాగం కాదు, గౌరవం అని ఆమె ఒక వివరణ జతచేసి పంపింది. గౌరవమంటే ఏమిటో ఆ వివరణతో అర్థమవుతుందని మేం అనుకున్నాం. మా అక్క రోజూ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది.

కాదన్న కాగితం మెయిల్లో వచ్చింది. నా దుకాణంలోనే ప్రింట్ తీశాను. మధ్యాహ్నం, గల్లీలో పెద్దగా చప్పుడు లేదు. బావ నా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, అక్క లోపల తెర వెనక చాయ్ పెడుతోంది. ఎడమ చెవి అప్పటికి చాలా తగ్గింది. పెదాలు చూపించి చెబుదామంటే నా మొహం ఆయనకు చూపించే ధైర్యం నాకు లేదు. చెవి దగ్గరికి వంగాను.

"ఇయ్యలేదు బావా."

"ఏంది?"

"ఇయ్యలేదు!"

"గది కాదు. ఎందుకియ్యలేదట, అది చెప్పు."

ఉత్తరాల్లోని పేర్లు ఒక్కరివేనని తేలలేదని, మాస్టర్ అన్నది ఈయనేనని తేలలేదని, అందుచేత అసాధారణ ప్రతిభ రుజువు కాలేదని ఉంది. అదంతా మెల్లగా చెప్పాను. వినబడలేదు. గొంతు పెంచాను. వినబడలేదు. ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని నా వైపు వంగి, ఎదురు చూస్తున్నాడు. ఇక నాకు పిచ్చి లేచింది. ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

"నువ్వు అసాధారణం కాదట బావా! కాదట!"

ఎదురు దుకాణంలో దర్జీ మిషన్ ఆపేశాడు. రోడ్డున పోయే ఆడమనిషి నిలబడి మా వైపు చూసింది. బావ నా మోచెయ్యి మీద తట్టాడు. "మెల్లగ చెప్పు పిల్లా. మీ అక్క వింటది" అన్నాడు.

తెర వెనక చాయ్ పొంగిపోయిన వాసన వస్తోంది. మా అక్క బయటికి రాలేదు.

బావే అన్నాడు: "గా పోరికి ఫోన్ చెయ్యి. ఏడ్వొద్దని చెప్పు." ఆ న్యూజెర్సీ అమ్మాయి ఏడవనే ఏడ్చింది. వచ్చే ఏడు మళ్లీ వేద్దాం మాస్టర్, ఈసారి అన్నీ సరిగ్గా పెడదాం అంది. బావ ఆమె పెదాలు చదివి, సరే సరే అని తలూపాడు. ఫోన్ పెట్టేశాక నన్ను చూసి, వచ్చే ఏటికి ఇది ఉంటదా అన్నట్టు చెవి మీద వేలితో రెండుసార్లు కొట్టి చూపించాడు. ఆ మర్నాడు మామూలుగా సచిన్ బస్సెక్కాడు.

ఆ నవరాత్రికి అక్కను వెంటబెట్టుకుని మా సొసైటీ మైదానానికి వెళ్లాడు. జనంలోకి పోకుండా స్పీకర్ పెట్టె పక్కన నిలబడి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. నేను వెళ్లి, ఎట్లుంది బావా అని సైగ చేశాను. "మిషన్ మంచిగనే కొడ్తుంది. కాళ్లు చూస్తలేదు, గంతే" అన్నాడు. ఆడేవాళ్లు అలసిపోయారని, ఇప్పుడు జర తగ్గించాలని, ఆ మిషన్ తగ్గించదని నాకు వేలు పెట్టి చూపించాడు. నిజంగానే ముసలమ్మలు ఒక్కొక్కరే వరస వదిలి పక్కకు వచ్చేస్తున్నారు.

చలికాలం అయ్యేసరికి ఎడమ చెవి కూడా పోయింది. ఆ తర్వాత ఆయన ఢోల్ ముట్టుకోలేదు. వినబడకపోయినా కాళ్లు చూసి వాయించేవాడే. కానీ ఎవరి కాళ్లు చూడాలి? మా అక్క ఒకనాడు వంటింట్లోంచి వచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, "ఇగో, నేనాడ్త, వాయించు" అని సైగలతో చెప్పిందట. ఆమెకు గర్బా రాదు. ఆయన చాలాసేపు నవ్వి, ఆమెను కూర్చోబెట్టి కాళ్లు పట్టాడట. ఇది అక్క నాకు శవం పక్కన కూర్చుని చెప్పింది. డాక్టర్లు గుండె ఆగిందని రాశారు. నేనైతే ఇంకోటి రాస్తాను, కానీ నన్నెవరు అడుగుతారు.

మూడో రోజుకల్లా శిష్యులంతా కలిసి గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. నేను దుకాణం నుంచి వస్తూ చూసి ఆగిపోయాను. పైన గుజరాతీలో, కింద తెలుగులో, బారెడు అక్షరాలతో మా బావ పేరు. ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు, పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే. భాయ్ లేదు, జీ లేదు, శ్రీశ్రీశ్రీ లేదు, గారు లేదు. ఒక్క అక్షరం తప్పు లేదు. మాస్టర్ అన్న మాట మాత్రం ఎక్కడా పెట్టలేదు. ఈసారి తప్పు జరగకూడదని జాగ్రత్తపడ్డారట. ఫోటో కూడా వీసా కోసం తీయించిందే పెట్టారు. రెండు చెవులూ కనబడాలని తలపాగా తీయించి, నవ్వొద్దని చెప్పి తీసిన ఫోటో. ఇంత పెద్ద కాగితం ఇప్పుడా ఇచ్చేది, ఇప్పుడా అని ఆ నడిరోడ్డు మీద నిలబడి పైకే అన్నాను.

మా అక్క ఆ ఫ్లెక్సీ కిందే అరుగు మీద కూర్చుని ఉంది. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. వచ్చేపోయేవాళ్లు తలెత్తి పేరు చదువుతున్నారు, ఎవరో పాపం అనుకుని పోతున్నారు. ఆ పేరు గలవాడిని ఎవరూ ఎరగరు. ఇంతలో ఒక ఆటో ఆగింది. డ్రైవర్ తల బయటికి పెట్టి పేరు మొత్తం కూడబలుక్కుని చదివాడు. "యే కౌన్ థే, మాసీ?" అని మా అక్కను అడిగాడు.

"మాస్టర్" అంది అక్క.

ఆయన మళ్లీ పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఢోల్‌వాలే? అప్నే మాస్టర్?" అన్నాడు.

అక్క తలూపింది.

ఆయన ఇంజన్ ఆపేశాడు. చెప్పులు ఆటోలోనే వదిలి దిగి, ఎండలో కాలుతున్న తారు మీద వట్టి కాళ్లతో నిలబడ్డాడు. వెనక సీట్లో కూరగాయల సంచితో ఉన్న గుజరాతీ ముసలావిడ, ఏమైందని అడగబోయి, మాస్టర్ అన్న మాట విని తనూ దిగింది. గల్లీ ఇరుకు. వెనక నిలిచిపోయిన బండ్లు హారన్ల మీద హారన్లు కొడుతూనే ఉన్నాయి. ఆయన మాత్రం బండి తియ్యలేదు.